నులక మంచం వదులైనట్టు: మన ఊళ్ల ఆడవాళ్లకు కింది కండరాల వ్యాయామం నేర్పుతున్నవాళ్లు ఉన్నారా?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)

అందరికీ నమస్తే. మాది సిరొంచ, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. నది దాటితే తెలంగాణ. మా జిల్లా కేంద్రానికి పోవాలంటే మాత్రం సుమారు 200 కిలోమీటర్లు. నాగపూర్‌లో ఫిజియోథెరపీ చదివి, కొన్నేళ్లు అక్కడే పనిచేసి, పోయిన ఏడాది ఇంటికి వచ్చేశాను. శనివారం మధ్యాహ్నం బచత్ గట్ (ఆడవాళ్ల పొదుపు సంఘం) మీటింగ్ అయ్యాక, అదే సమాజ మందిరంలో ఆడవాళ్లకు ఒక గంట వ్యాయామం నేర్పుతున్నాను. నడుము నొప్పికి అని పిలిచాను. నా మనసులో ఉన్నది వేరు. దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడడం, కింద ఏదో జారినట్టు బరువుగా ఉండడం. మా అమ్మ ఇరవై ఏళ్లు ఈ బాధ పడింది. నేను ఫిజియో చదివి కూడా ఆమెను ఒక్కసారి అడగలేదు. అందుకే ఈ పని పట్టుకున్నాను.

మొదటి రెండు వారాలు ఒక చార్టు, ఒక ప్లాస్టిక్ ఎముకల బొమ్మ పట్టుకెళ్లాను. "మీలో ఎవరికైనా మూత్రం ఆగని సమస్య ఉందా?" అని అడిగాను. 22 మంది కూర్చున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మూడో వారం ప్రశ్న మార్చాను. "తుమ్ము వస్తుందంటే గబుక్కున కాళ్లు దగ్గరికి పెట్టుకునేవాళ్లు ఎవరు?" ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. లెక్కపెడితే 17 చేతులు. సమస్య ఉందా అంటే లేదన్నవాళ్లే!

అప్పుడు వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ అంది, "బిడ్డా, నులక మంచం నడుమ వదులైతది చూడు, పండుకుంటే నేలకు తాకుతది. నాకు లోపల గట్లనే అయింది." నేను చార్టు మడిచి పక్కన పెట్టేశాను. పై వారం పక్కింటి నుంచి నిజంగానే నులక మంచం మోసుకొచ్చాం. నడుమ నిండు బిందె పెట్టాం, మంచం కుంగింది. ఇద్దరు కాళ్ల వైపు తాడు ఒక్కో వరస లాగుతూ బిగించారు. బిందె పైకి లేచింది. "మన కింద కూడా ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఇట్లాంటి అల్లికే ఉంటుంది. మూత్రసంచి, గర్భసంచి, మలం ఉండే పేగు దాని మీదే కూర్చుంటాయి. కాన్పులు, బరువులు దాన్ని వదులు చేస్తాయి. మంచం మార్చక్కర్లేదు, తాడు బిగిస్తే చాలు" అన్నాను. ఆ మాట మర్నాటికి వాడంతా పాకింది.

ఇంతవరకు బాగుంది. తర్వాత జరిగింది రాయడం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. నాలుగు వారాలయ్యాక ఒకామె నా దగ్గరికొచ్చి, "నువ్వు చెప్పినట్టు రోజూ చేస్తున్నా, ఇంకా బరువైతుంది" అంది. నా ముందు చేసి చూపించమన్నాను. కడుపు మీద చెయ్యి పెట్టి చూస్తే పొట్ట ముందుకు ఉబ్బుతోంది, ఊపిరి బిగబట్టింది, మెడ నరాలు తేలాయి. పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతోంది! మిగతావాళ్లను కూడా చూశాను. ఇంకో ఐదుగురు అదే పని చేస్తున్నారు. "బిగించండి" అన్న నా మాటే వాళ్లకు "ముక్కండి" అని వినబడింది. నెల రోజులు ఆ ఆరుగురికి నేను చెడు చేశాను.

ఇక్కడ ఫిజియోలు, నర్సులు, ఆశాలు ఉన్నారు. మీరు ఏ మాటలతో చెప్తున్నారు? పరీక్ష గది, పరదా, ఏదీ లేని చోట సరిగ్గా చేస్తున్నారో లేదో ఎలా చూస్తున్నారు?

బరంపురం_ఫిజియో (గంజాం)

ముందు ఒక మాట. ఆ తప్పు మీ ఒక్కరిది కాదు. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్లకు నోటిమాటగా ఈ వ్యాయామం చెప్పి పరీక్షించి చూశారు. సగం మందే సరిగ్గా చేయగలిగారు. నలుగురిలో ఒకరు మీ వాళ్లలాగే ఉల్టా చేశారు, అంటే మూత్రం పడడం ఎక్కువయ్యే పద్ధతిలో. చదువుకున్న దేశంలోనే అలా ఉంది. నోటిమాటతో వదిలేయకూడదని మాకు నేర్పింది ఆ పరిశోధనే.

నా పద్ధతి చెప్తాను. పాత తువ్వాలు గట్టిగా చుట్ట చుట్టి, కుర్చీ మీద నిలువుగా, అంటే ముందు నుంచి వెనక్కి, పెట్టి దాని మీద కూర్చోమంటాను. బట్టలు అలాగే ఉంటాయి, సిగ్గు పడే పని లేదు. "నలుగురిలో గాలి వదలాల్సి వస్తే ఎలా ఆపుకుంటారో అలా వెనక నుంచి మొదలుపెట్టి, మూత్రం ఆపుకున్నట్టు ముందు దాకా, లోపలికి, పైకి" అంటాను. సరిగ్గా చేస్తే తువ్వాలు నుంచి ఒళ్లు కొంచెం పైకి తేలినట్టు తెలుస్తుంది. ముక్కితే తువ్వాలు మీద నొక్కుడు పడుతుంది. తేడా వాళ్లకే తెలుస్తుంది, మనం చూడక్కర్లేదు. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. ఒక చెయ్యి బొడ్డు మీద ఉండాలి.

మూత్రానికి కూర్చున్నప్పుడు మధ్యలో ఆపి ఆపి చేయమని కొందరు చెప్తారు. అది మాన్పించండి. ఏ కండరమో తెలియడానికి ఒక్కసారి చేస్తే ఫర్వాలేదు గానీ, రోజూ వ్యాయామంలా చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు.

లెక్క అడుగుతారు కాబట్టి: పూటకు కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు. బ్రిటన్ మార్గదర్శకాల్లో దగ్గినప్పుడు మూత్రం పడేవాళ్లకు చెప్పే లెక్క ఇదే. ఎంతసేపు బిగించి ఉంచాలి అనేది మనిషిని బట్టి. రెండు సెకన్లు ఆపగలిగే మనిషిని పది ఆపమంటే మళ్లీ ముక్కుడే మొదలవుతుంది. ఎంతసేపు బిగించారో కనీసం అంతసేపు పూర్తిగా వదలాలి. ఆ వదలడం కూడా నేర్పాలి, మనం అది మర్చిపోతాం.

గుణుపురం_ఆశా (రాయగడ)

అక్కా, మీ మంచం మాట చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నేను గుణుపురం దగ్గర ఆశా కార్యకర్తని. నా పరిధిలో తెలుగువాళ్లూ, ఒడియావాళ్లూ, కొండ మీద సవర వాళ్లూ ఉన్నారు. బాలింతల ఇళ్లకి వెళ్తాను. బిడ్డ బరువు చూస్తాం, పాలు అడుగుతాం, టీకా రాస్తాం. తల్లికి కింద ఎలా ఉంది అని రాయడానికి నా కాయితంలో గడే లేదు. నేనూ అడగలేదు. రేపటి నుంచి అడుగుతాను.

మా దగ్గర ఉట్టి అంటే అందరికీ తెలుసు. ఉట్టి తాళ్లు సాగితే కుండ కిందికి దిగుతుంది కదా, అలా చెప్పొచ్చా?

ప్రాణహిత_ఒడ్డు

చెప్పొచ్చు చెల్లీ, బాగా చెప్పొచ్చు. ఒక్కటే, ఉట్టి పైనుంచి వేలాడుతుంది, మన కండరం కింద నుంచి మోస్తుంది. "లాగాల్సింది పైకి" అన్నది వాళ్లకు అందిందంటే చాలు.

బరంపురం వారికి చాలా థ్యాంక్స్. తువ్వాలు సంగతి ఈ శనివారమే మొదలుపెడతాను.

రాజురా_కోడలు (చంద్రపూర్)

నాకు ఒక కోపం ఉంది, ఏమనుకోకండి. మా అత్త పొద్దున నాలుగింటికి లేచి పత్తి చేనుకు పోతుంది. మే నెలలో తునికాకు. సీజనుకు గోదావరి దాటి మిరపకాయ ఏరడానికి పోతుంది. ఒళ్లంతా వ్యాయామమే. ఆమెను కూర్చోబెట్టి ఇంకా బిగించు, వదులు అని చెప్పడం నాకు మనసొప్పడం లేదు. చేనులో మరుగు లేక పొద్దంతా మూత్రం ఆపుకుంటారు, ఆపుకోవాల్సి వస్తుందని నీళ్లే తాగరు. ముందు దాని సంగతి చూడండి. బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే ఆడవాళ్లు గర్భసంచులు తీయించుకున్న సంగతి 2019లో బయటపడింది, ప్రభుత్వం కమిటీ వేసింది. కూలి తెగకూడదని ఒంట్లో అవయవం తీయించుకున్నారు. అలాంటి చోట వ్యాయామం అంటే తప్పంతా ఆడదాని ఒళ్లు మీదే వేసినట్టు కాదా?

ప్రాణహిత_ఒడ్డు

కోపం న్యాయమైనదే. మరుగుదొడ్డి, నీళ్లు, కాన్పయ్యాక నలభై రోజులైనా బరువు ఎత్తకుండా ఉండే వీలు, ఇవన్నీ కావాలి. మా గట్ తరఫున పంచాయతీలో దరఖాస్తు కూడా పెట్టాం. కానీ అవి వచ్చేదాకా మీ అత్తయ్య తుమ్మకుండా ఉండలేరు కదా.

పనీ వ్యాయామమూ ఒకటి కాదు. మోపు నెత్తికెత్తేటప్పుడు ఊపిరి బిగబడతాం, లోపలి ఒత్తిడి అంతా కిందికి పోతుంది. పని అల్లికను రోజూ సాగదీస్తుంది, ఈ వ్యాయామం బిగిస్తుంది. అందుకే నేను దీన్ని పనికి పక్కన పెట్టకుండా పనిలోనే పెడుతున్నాను. బిందె ఎత్తే ముందు ఒకసారి కింద పైకి లాగాలి. "హూ" అని ఊపిరి వదులుతూ ఎత్తాలి. నెత్తి మీదికి చేరాక వదలాలి. దీనికి వేరే టైం అక్కర్లేదు.

ఇంకోటి మా వాళ్లే కనిపెట్టారు. నాట్లప్పుడు ఒకరు చరణం పాడితే మిగతావాళ్లు అందుకుంటారు కదా. ఒకామె అంది, "మనం అందుకునేటప్పుడు బిగిద్దాం, ఆమె పాడేటప్పుడు వదులుదాం." చేసి చూశాం. పాడుతుంటే ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదు. నేను నెల రోజులు చెప్పి మాన్పించలేనిది పాట ఒక్క పూటలో మాన్పించింది. బిగించినంతసేపు వదలడం కూడా దానంతట అదే కుదిరింది. పాట అయిపోయేసరికి ఎనిమిది దాటింది.

ధర్మాబాద్_మిర్చి (నాందేడ్)

మా వైపు మిర్చి మార్కెట్ సంగతి తెలిసిందే. కాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో నేనూ పదేళ్లు కూర్చున్నాను. పొద్దంతా తుమ్ములు, దగ్గు. లంగా కింద ఒక పాత గుడ్డ పెట్టుకోవడం అక్కడ అందరికీ అలవాటు. ఎవరూ దాని గురించి మాట్లాడరు. తడి గుడ్డ వాసన వస్తుందేమో అని టెన్షన్‌తో ఎవరికి వాళ్లు దూరం జరిగి కూర్చుంటారు. తుమ్ములు రోజుకు వంద వస్తే ఈ వ్యాయామం పనిచేస్తుందా అక్కా? లేక మూడు నెలలు ఆగాల్సిందేనా?

బరంపురం_ఫిజియో

మీకు మొదటి వారం నుంచే పనికొచ్చేది ఒకటుంది. తుమ్ము రాబోతుందని ముక్కులో తెలుస్తుంది చూడండి, ఆ క్షణంలోనే కింద గట్టిగా పైకి లాగి, తుమ్ము అయిపోయేదాకా పట్టి ఉంచండి. తుమ్మే ముందు బిగించాలి, తుమ్మాక కాదు. మొదట్లో పదింటిలో రెండు అందుతాయి. తర్వాత చెయ్యి అడ్డం పెట్టుకున్నంత సహజంగా వచ్చేస్తుంది. కండరానికి బలం రావడం మూడు నెలల పని, ఈ ఉపాయం మాత్రం నేర్చుకున్న రోజు నుంచే కొంత ఆదుకుంటుంది. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోండి, ఘాటు తగ్గితే తుమ్ములూ తగ్గుతాయి.

నీళ్లు మాత్రం మానకండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట, తొందర ఇంకా పెరుగుతాయి. మలబద్ధకం వస్తుంది, ముక్కాల్సి వస్తుంది. ఆ ముక్కుడు మళ్లీ అదే అల్లికను సాగదీస్తుంది.

మంచిర్యాల_నర్సు

నేను సిరొంచ, అహేరి వైపు నుంచి నది దాటి వచ్చేవాళ్లను చాలామందిని చూస్తాను, అందుకే ఇందులోకి వచ్చాను. మీ పని మంచిది. కానీ వ్యాయామంతో పోనివి కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తుపట్టకుండా "చేస్తూ ఉండమ్మా, తగ్గుతుంది" అని ఆరు నెలలు గడిపితే మనమే ఆ మనిషిని ఆలస్యం చేసినవాళ్లమవుతాం.

గర్భసంచి జారడంలో దశలుంటాయి. లోపలే కొంచెం దిగినప్పుడు నేర్పేవాళ్ల దగ్గర నాలుగు నెలలు వ్యాయామం చేస్తే బరువు, లాగుడు తగ్గుతాయి. బయటికి వచ్చేసి, చేత్తో లోపలికి తోసుకుంటే తప్ప మూత్రం రాని స్థితిలో ఉంటే డాక్టర్ చూడాలి. అలాంటి వాళ్లకు కూడా నేరుగా ఆపరేషన్ అనే అనుకోకండి. సిలికాన్ రింగు ఒకటి ఉంటుంది. కొలత చూసి లోపల పెడతారు, జారింది పైన నిలబడుతుంది. కడిగి మళ్లీ పెట్టుకోవడం నేర్పుతారు. మన ఊళ్లలో దాని గురించి విన్నవాళ్లే తక్కువ.

రెండోది ఇంకా ముఖ్యం. దగ్గితే పడడం వేరు, రాత్రీ పగలూ ఆగకుండా కారడం వేరు. రోజుల తరబడి నొప్పులు పడి కష్టమైన కాన్పు అయ్యాక, లేదా కడుపులో ఆపరేషన్ అయ్యాక, నిరంతరం కారుతుంటే లోపల మూత్రసంచికీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమో అని అనుమానించాలి. దానికి వ్యాయామం ఏ పనీ చేయదు. ఆపరేషన్ చేస్తే చాలామందికి బాగవుతుంది. అలాంటి మనిషి మీ శనివారం గంటకు రాదు. వాసనకు భయపడి పెళ్లిళ్లకు కూడా పోదు. ఆమె ఎవరో మీ గుంపులోవాళ్లకే తెలిసి ఉంటుంది, వాళ్లను అడగండి.

మూత్రంలో రక్తం, ముట్లు ఆగిపోయాక మళ్లీ ఎర్రబట్ట, జ్వరంతో మంట, వీటికి కూడా ముందు డాక్టరే.

పర్లాకిమిడి_మాస్టారు (గజపతి)

అక్కలకి, చెల్లెళ్లకి నమస్కారం. మగవాడిని ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు. మా అమ్మకి 64 ఏళ్లు. రెండేళ్లుగా గుడికి, పేరంటాలకి వెళ్లడం మానేసింది. మోకాళ్ల నొప్పులు అంటుంది. మొన్న బస్సులో లేచిన సీటు తడిగా ఉంది. చూసి చూడనట్టు ఊరుకున్నాను. ఆమె కూడా నన్ను చూసి తల తిప్పుకుంది. ఇప్పుడు కొడుకుగా నేను ఈ మాట ఎలా ఎత్తాలి? ఈ వయసులో వ్యాయామం పనిచేస్తుందా?

మంచిర్యాల_నర్సు

బాబూ, తప్పకుండా రాయొచ్చు. 64 అంటే వయసు మీరిపోలేదు, ఈ కండరం ఏ వయసులోనైనా నేర్చుకుంటుంది. మీ భార్యో, అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్లతో అడిగించండి. ఎవరూ లేకపోతే బస్సు మాట ఎత్తకండి. "అమ్మా, ఆసుపత్రిలో ఆడ డాక్టర్ ఉంది, మోకాళ్లు చూపిద్దాం" అని తీసుకెళ్లి, డాక్టరమ్మకు ముందుగా ఒక చీటీ రాసివ్వండి. షుగరు పరీక్ష కూడా చేయించండి. షుగరు ఎక్కువైనా మూత్రం ఎక్కువై ఆగదు.

యోగా_సాధన (బల్లార్షా)

మీరు చెప్పేది యోగాలో మూలబంధమే కదా? మా కాలనీలో ఆడవాళ్లకు ఆ పేరుతో చెప్తే ఇష్టంగా చేస్తారు.

బరంపురం_ఫిజియో

లాగే పద్ధతి దగ్గరదగ్గరగా ఒకటే, ఆ పేరుతో చెప్పండి. కుంభకం మాత్రం కలపొద్దు, ఊపిరి ఆడుతూ ఉండాలి. ఆధునిక వైద్యంలో దీన్ని 1948లో రాసి పెట్టినాయన ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు, అందుకే ఆసుపత్రుల్లో కెగెల్ అంటారు. పేరు ఏదైనా ఒక జాగ్రత్త: కలయికలో నొప్పి, పొత్తికడుపులో ఎప్పుడూ పట్టేసినట్టు ఉండడం, మూత్రం మొదలవడానికి కష్టపడడం ఉన్నవాళ్లకు ఆ కండరం ముందే బిగుసుకుని ఉండొచ్చు. వాళ్లకు వదలడం నేర్పాలి. ఇంకా బిగించమంటే నొప్పి పెరుగుతుంది.

అజ్ఞాత_సభ్యురాలు

నాది కూడా సరిహద్దు ఊరే, పేరు వద్దు. నాకు 31 ఏళ్లప్పుడు తెల్లబట్ట, మూత్రం పడడం అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయన్నారు. వ్యాయామం అన్న మాట ఎవరూ అనలేదు. బంగారం కుదువ పెట్టి తీయించుకున్నాను. ఇప్పుడు 38. మూత్రం ఇప్పటికీ పడుతుంది. గర్భసంచి లేనివాళ్లు ఇది చేయొచ్చా?

ప్రాణహిత_ఒడ్డు

చెల్లీ, చేయొచ్చు. తీసేసింది గర్భసంచిని. అల్లిక అక్కడే ఉంది. మీరు వెంటనే మొదలుపెట్టండి. తువ్వాలు మీద కూర్చుని చేసి చూసి, ఎలా ఉందో నాకు విడిగా మెసేజ్ పెట్టండి. వీడియో కాల్‌లో పక్కనుండి నేర్పుతాను.

మీ మాట చదివాక నిద్ర పట్టలేదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. మన తెలుగు ఊళ్లలో ఇది ఎంత మామూలైపోయిందో చూడండి. మా గడ్చిరోలి సంగతి అంతకు చాలా ముందే తెలుసు. డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందే. ఇది మా జిల్లాలోనే జరిగిన పని, నేను నాగపూర్ పోయి చదువుకునేదాకా నాకే తెలియదు. మా శనివారం గుంపులో ఆ లెక్క చెప్పినప్పుడు పెద్దమ్మ, "మరి అడిగితే చెప్తిమి కద" అంది.

రాజురా_కోడలు

అత్తకు ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం చూపించాను. రెండు రోజులు పట్టించుకోలేదు. ఈరోజు బోరింగు దగ్గర బిందె ఎత్తుతూ "హూ" అంది. నా వైపు చూడలేదు గానీ, అంది. మా ఊళ్లో కూడా శనివారం గంట పెట్టాలంటే ఎంతమంది ఉంటే బాగుంటుంది?

ప్రాణహిత_ఒడ్డు

పది, పన్నెండు మందితో మొదలుపెట్టండి. ఒక్కొక్కరి పక్కన కూర్చుని చూసే వీలుండాలి. మగపిల్లలు కిటికీలోంచి తొంగి చూడని చోటు చూడండి. మొదటి రోజు మీ అత్తయ్యనే ముందు కూర్చోబెట్టండి.

గుణుపురం_ఆశా

అందరికీ ఒక సంగతి చెప్పాలి. నిన్న మా అంగన్‌వాడీలో మొదటిసారి పెట్టాను. తొమ్మిది మంది వచ్చారు. తువ్వాలు మీద కూర్చున్నాక నలుగురికి వెంటనే తెలిసింది, ఇద్దరికి అస్సలు అందలేదు, వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్తాను. చివర్లో మంచిర్యాల అక్క చెప్పినట్టు అడిగాను, మన ఊళ్లో ఎప్పుడూ బయటికి రాని మనిషి ఎవరైనా ఉన్నారా అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకమ్మాయి మెల్లిగా వాళ్ల వదిన అంది. మొదటి కాన్పు మూడు రోజులు అయిందట, బిడ్డ దక్కలేదట. ఆరేళ్లుగా పశువుల పాక పక్కన వేరే గదిలో ఉంటోంది. నేను ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను, ఆ గది కొట్టు అనుకున్నాను.

సాయంత్రం వెళ్లి మాట్లాడాను. తలుపు సగమే తీసింది. వ్యాయామం చెప్పలేదు. ఇది ఆపరేషన్‌తో బాగయ్యేదేమో, పెద్ద డాక్టర్‌కి చూపిద్దాం అన్నాను. చాలాసేపు ఏడ్చింది. మంగళవారం పొద్దున బస్సుకి బరంపురం తీసుకొస్తున్నాను. బరంపురం అక్కా, పెద్దాసుపత్రిలో ఏ విభాగానికి వెళ్లాలో, ఎన్నింటికి చీటీ రాయించాలో చెప్పండి. ఐదు గంటలు బస్సులో కూర్చోవాలని భయపడుతోంది. ఆమెకి ఏం కట్టి తీసుకురావాలి?

బరంపురం_ఫిజియో

స్త్రీ వైద్య విభాగం ఓపీకి తీసుకురండి, ఎనిమిదింటికల్లా వరసలో ఉండడం మంచిది, అందుకే సోమవారం రాత్రికే వచ్చేయండి, మా ఇంట్లో పడుకోవచ్చు. మెడికల్ షాపులో పెద్దవాళ్ల డైపర్లు దొరుకుతాయి, ఒక ప్యాకెట్ కొనండి, డబ్బు నేను ఇస్తాను. దాని మీద నల్ల చీర. దారిలో నీళ్లు తాగనివ్వండి. కాన్పు కాయితాలు ఏవైనా ఉంటే తెండి, లేకపోయినా వచ్చేయండి. నా నంబరు మీకు విడిగా పంపాను, బస్సు ఎక్కగానే ఫోన్ చేయండి, స్టాండులో నేనే ఉంటాను.